గట్టిపిండాలు

మా అమ్మాయి ఫోను వెంటనే ఎత్తకపోతే చాలు, నా కళ్ళముందు రోడ్డు మీద పడున్న చెప్పు ఒకటి కనిపిస్తుంది. ఆ తర్వాత ఎత్తి "ఏంటమ్మా, పనిలో ఉన్నా" అని కసిరిందంటే పోయిన ప్రాణం లేచొస్తుంది. మా ఆయన నాకు 'అపశకునాల ఆఫీసు' అని పేరు పెట్టాడు. ఆదివారం కూడా సెలవుండదట నా ఆఫీసుకి.

ఆయన లిఫ్టు మెకానిక్కు. రిటైరయ్యాక కూడా ఏ మేడలో లిఫ్టెక్కినా చెవి పెట్టి తాడు చప్పుడు వింటాడు. ఇంత పొట్ట, ఇంత నోరు. బేకరీ ముందునుంచి ఉత్త చేతులతో వచ్చిన రోజు లేదు. నేనేమో చిన్న వయసులోనే షుగరు తెచ్చుకుని, చెంచాతో కొలుచుకుని తినేదాన్ని. మా అమ్మాయి స్కూల్లో ఉండగానే అడిగేది, "అమ్మ నోరు కట్టుకున్నా షుగరొచ్చింది. నాన్న కేకుల పెట్టె ఖాళీ చేసినా రాలేదు. ఎందుకని?" పిల్లలు అడిగి మర్చిపోయే ప్రశ్నే. ఇది మర్చిపోలేదు. ఆ ప్రశ్న పట్టుకునే కాలేజీలన్నీ చదివింది, సైంటిస్టయింది. జుట్టు నెరవడం మొదలైనా ఇంకా ఆ ప్రశ్నతోనే కాపురం.

అది పనిచేసే ల్యాబు నేను చూశాను. తలుపు తీస్తే చలి పొగ కక్కే ఫ్రిజ్జు, రక్తం గొట్టాల్ని గిర్రున తిప్పే మిషను, గోడవారగా వాలుకుర్చీలు. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, గ్లాసెడు చక్కెర నీళ్ళు తాగించి, ఉండుండి రక్తం తీస్తారు. లావుగా ఉండి, వయసు మళ్ళి, తీపి తింటూ కూడా షుగరు రాని మగాళ్ళు దానికి కావాలి. మందులేవీ వాడకూడదు. అలాంటివాళ్ళకి ల్యాబులో ముద్దుపేరు గట్టిపిండాలు. మొదటి గట్టిపిండం మా ఆయనే. మిగతావాళ్ళని కూడా ఆయనే పోగేశాడు, అందరూ పాత వర్క్‌షాపు జనమే. అందులో బక్కాయన ఒకడు. తలుపులో పక్కకి తిరిగితే గానీ పట్టడు కాబట్టి ఆ పేరు.

వీళ్ళ రక్తంలో, మిగతావాళ్ళలో అంతగా లేని పదార్థం ఒకటి దొరికింది. షుగరు రాకుండా కాపాడేది అదేనని మా అమ్మాయి తేల్చింది. పెద్ద పత్రికలో అచ్చయింది. అది చూసి, మా అమ్మాయికంటూ సొంత ల్యాబు ఇచ్చే మాట కదిలింది. పైనించి కమిటీ వచ్చి చూసి సరేనంటే తలుపు మీద దాని పేరే.

"ఆ తలుపు నా రక్తంతో కట్టిందే," అని మా ఆయన వీధి వీధంతా చెప్పుకున్నాడు.

నాకు మాత్రం అప్పట్నించే గుబులు. ఎవరో ఏదో తప్పు పడతారు, దీని మొహాన కాయితాలు విసిరికొడతారు అని. ఇంకో దిగులు కూడా ఉండేది. నా షుగరు బిళ్ళలు నెల తిరక్కుండానే అయిపోయేవి. మందుల షాపువాడు తక్కువ కొట్టి ఇస్తున్నాడని వాడితో గొడవ పడ్డాను. వాడు దణ్ణం పెట్టి, "అమ్మా, ఇకనించి మీరే లెక్కపెట్టుకుని తీసుకెళ్ళండి," అన్నాడు. లెక్కపెట్టుకునే తెచ్చాను. అయినా అయిపోయేవి. మతిపోయి రెండేసి మింగుతున్నానేమోనని ఏడ్చాను. అమ్మాయి పరిశోధన అచ్చయ్యాక ఉన్నట్టుండి అవి మిగలడం మొదలెట్టాయి. అప్పుడింకో భయం, అసలు వేసుకోవడమే మర్చిపోతున్నానేమోనని.

"తక్కువైతే ఏడుపు, మిగిలితే ఏడుపు," అన్నాడు ఆయన, నోట్లో కేకు ముక్కతో. "నీకు జబ్బు ఒంట్లో లేదే, బుర్రలో ఉంది."

కమిటీ రావడానికి కొద్దిరోజుల ముందు కొత్త బూటు కరిచి ఆయన పాదం మీద పుండు పడింది. చిన్నదే. కానీ మానలేదు. అంచులు నల్లబడ్డాయి. వాసన రావడం మొదలయ్యింది. మా అమ్మాయికి ఫోను చేశాను.

"అది షుగరు పుండులా ఉందే. నా మిషనుతో ఒక్కసారి వేలు పొడిచి చూస్తానంటే మీ నాన్న పడనివ్వట్లేదు."

"నాన్నకి షుగరేంటమ్మా?"

"ఏమో, వచ్చిందేమో."

"అమ్మా, నేను ఆయన రక్తం మీదే ఇన్నేళ్ళు బతికాను. ప్రపంచంలో షుగరు రాని మనిషెవరో నాకు తెలుసా, నీకు తెలుసా? నువ్వు చదివిందెంత?"

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఆయింట్‌మెంటు రాయి. కమిటీ అయ్యేదాకా నన్ను భయపెట్టకు, నీ భయాలతో చిన్నప్పట్నించీ చచ్చాను," అని పెట్టేసింది.

పక్కనుంచి వింటున్న ఆయన తొడ చరిచి నవ్వాడు. "విన్నావా? గవర్నమెంటు ముద్ర పడ్డాక కూడా నీకు అనుమానమే!" ఆయింట్‌మెంటు రాశాను.

కమిటీ రావలసిన వారంలోనే ఆయనకి చలిజ్వరం పట్టుకుంది. వరండాలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలాడు. బక్కాయన ఆటో తెచ్చాడు. ఆస్పత్రిలో కుర్ర డాక్టరు పుండు చూసి మొహం తిప్పుకున్నాడు.

"షుగరు ఎన్నాళ్ళనించి?"

"షుగరు లేదు," అంది అప్పుడే లోపలికి వచ్చిన మా అమ్మాయి. "నేను ఆయన కూతుర్ని. షుగరు మీదే పనిచేస్తాను. నా దగ్గర ఆయన రిపోర్టులన్నీ ఉన్నాయి."

డాక్టరు దాన్నొకసారి ఎగాదిగా చూసి, ఆయన వేలు పొడిచి మిషను దాని చేతికే ఇచ్చాడు. అందులో అంకె లేదు. కొలిచే హద్దు దాటితే నా మిషను కూడా అలాగే 'హై' అని ఊరుకుంటుంది.

"మీ రిపోర్టులు ఇంట్లో పెట్టుకోండి మేడమ్," అన్నాడు డాక్టరు. "పాదం తీసెయ్యాలి. ఇంకా ఆగితే మోకాలిదాకా పోతుంది."

మా అమ్మాయి మిషన్ని తిప్పి తిప్పి చూస్తోంది. బక్కాయన నా పక్కకి జరిగి, చెవిలో చెప్పాననుకుని వార్డంతా వినపడేలా అన్నాడు, "నేను చెప్తూనే ఉన్నా వదినా, పరీక్షలైపోయినా బిళ్ళలు మానొద్దని అన్నకి. వింటేనా!"

"ఏం బిళ్ళలు?" అంది మా అమ్మాయి.

మంచం మీద మా ఆయన కళ్ళు తెరిచాడు.

"దాన్నెందుకు బెదరగొడతావురా," అన్నాడు. "ఏం లేదమ్మడూ. మీ అమ్మవి, రోజూ వేసుకునేవాణ్ణి. వీడు వాళ్ళావిడవి. అందరం అంతే."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ. నువ్వు రక్తం కావాలన్నావు చూడు, ఆ ముందు మీ అమ్మ మిషనుతో దొంగచాటుగా చూసుకున్నా. ఎక్కువుంది. నాన్న లేకపోతే నా పనే లేదన్నావు కదా, నీ కాళ్ళకి నేనే అడ్డం పడతానా?"

"మందులేం వాడట్లేదని సంతకం పెట్టావు నాన్నా. అందరూ పెట్టారు."

"ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు తాడుకి గ్రీజు పుయ్యమా? పూసి, 'అంతా ఓకే' అని సంతకం పెడతాం. నలభయ్యేళ్ళు అదేగా చేసింది! ఒక్క లిఫ్టు కూడా ఫెయిలవలేదు." ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి, అయినా నవ్వుతున్నాడు. "పాసయ్యాంగా అందరం?"

మా అమ్మాయి బయటికి వెళ్ళిపోయింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. ఆపరేషనుకి బండి మీద పడుకోబెట్టేలోగా చేతి సంచీతో తిరిగొచ్చింది. అందులోంచి రబ్బరు పట్టీ, సూది, గొట్టాలు తీసింది. ఆయన చెయ్యి చాపి పట్టీ బిగించింది. మనిషి చెయ్యి పట్టుకున్నట్టు లేదు, కుళాయి తిప్పుతున్నట్టుంది.

"ఇప్పుడెందుకే, ఒంట్లో ఓపిక లేదు ఆయనకి," అన్నాను.

"బిళ్ళలు మానేశారుగా. రక్తంలో ఆ పదార్థం ఇంకా ఉందో లేదో చూడాలి."

ఆయన మాత్రం మురిసిపోయాడు. "చూశావా, నాకింకా డిమాండుంది," అన్నాడు నాతో.

రెండోరోజు మధ్యాహ్నం మా అమ్మాయి వార్డు గుమ్మంలో నిలబడింది. ఆయన పక్క మీద దుప్పటి పాదాల దగ్గర ఒకవైపు చదునుగా పడుంది. అది దుప్పటి వైపు చూడలేదు.

"లేదు," అంది.

"ఏది తల్లీ?"

"నేను కనిపెట్టింది. లేనేలేదు. అది జబ్బుని ఆపేది కాదు, బిళ్ళ మింగితే రక్తంలో పెరిగేది. నేను ఇన్నాళ్ళూ అమ్మ మందుడబ్బా కనిపెట్టాను."

నేను దాని భుజం పట్టుకున్నాను. "పోనీ ఎవరికీ చెప్పకే. మన ఇంట్లో సంగతి. కమిటీ వచ్చి చూసి వెళ్ళిపోతుంది కదా."

"ఇవాళ కాకపోతే రేపు ఇంకొకడు చేసి చూస్తాడు. వాడు చెప్పేదాకా ఆగనా? ఇందాకే చెప్పేశాను. కమిటీ రాదు. అచ్చయింది కూడా వెనక్కి తీసుకుంటున్నాను." అప్పుడు ఆయన వైపు తిరిగింది. "నాకు షుగరు రాని నాన్న అక్కర్లేదు. షుగరుందని చెప్పే నాన్న ఉంటే సరిపోయేది. నా వయసంతా తినేశావు. కేకు తిన్నంత తేలిగ్గా తినేశావు."

ఆయన నోరు తెరిచాడు. ఏదో హాస్యం వెతుక్కుంటున్నాడని నాకు తెలిసిపోయింది. దొరకలేదు.

ఆ ల్యాబు గదికి ఇప్పుడు వేరెవరిదో పేరు. మా అమ్మాయి ఇంకొకరి కింద ఎలుకలకి సూదులేస్తోంది. మనుషుల జోలికి పోనంటుంది, ఎలుకలు సంతకాలు పెట్టవట.

ఆదివారాలు ఇంటికొస్తుంది. వచ్చి, చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తిన్నగా ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళి వేలు పొడుస్తుంది. ఆయన మెడ చాచి మిషనులోకి తొంగిచూడబోతాడు. అది అటు తిప్పుకుంటుంది.

"ఎంతమ్మడూ?"

"అమ్మా, రెండొందల పది," అంటుంది నాతో, ఆయన గదిలోనే లేనట్టు. "మంచం కింద బిస్కెట్ల పొట్లం ఉంటుంది, తీసెయ్యి." తర్వాత మజ్జిగైనా తాగకుండా వెళ్ళిపోతుంది. బస్సెక్కి ఇల్లు చేరిందన్న కబురు వచ్చేదాకా నేను ఫోను పక్కనే కూర్చుంటాను. ఆ కబురు కూడా ఇప్పుడు నేను అడిగితేనే వస్తుంది.

నిన్న శనివారం. సాయంత్రం దీపం పెట్టే వేళకి ఆయన నన్ను పిలిచాడు. రోజంతా టీ కూడా ముట్టలేదు. కట్టుకాలు స్టూలు మీద పెట్టుకుని, పిల్లాడిలా అరచెయ్యి చాపాడు.

"ఏమేవ్, ఇవాళ బిళ్ళలు ఇంకో రెండు ఎక్కువియ్యవే."

"ఎందుకు?"

"రేపు అమ్మాయి వస్తుంది కదా," అన్నాడు. "మంచి అంకె వస్తే నాతో చెప్తుందేమో."

డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆయన చెయ్యి ఇంకా చాపే ఉంది.