అంబలి చెంచాకు పడిన సొట్ట

నేను ఒక స్టీలు చెంచాను. ఏ పెళ్లి భోజనంలోనో పాయసం తినిపిస్తూ హాయిగా బతకవలసినదాన్ని. డాక్టర్ హైమావతి గారు కర్నూలు బజారులో పాత్రల కొట్టువాడి చేత యాభై చెంచాలు తీయించి, ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు పట్టి చూసి, చివరికి నన్ను ఎంచుకోవడంతో శాస్త్రరంగంలోకి వచ్చి పడ్డాను.

ఆవిడ ఆహార శాస్త్రవేత్త. వేసవిలో రాగి అంబలి మధ్యాహ్నానికే పుల్లబడిపోతుంది, పొలం పనికి తీసుకెళ్లినవాళ్లు పారబోసుకుని ఆకలితో ఉండిపోతారు. అది సాయంత్రం దాకా నిలవాలని ఆవిడ పంతం. పిండి పులవడానికి నిన్నటి పుల్లపిండి కొంచెం తోడు వేస్తారు. కిటుకంతా ఆ తోడు కొలతలోనే ఉంది, కాస్త ఎక్కువైతే తొందరగా పుల్లబడుతుంది. "పల్లెలో ఆడవాళ్లు త్రాసు పెట్టుకుని అంబలి కాస్తారా? చెంచాతోనే చెప్పాలి" అనేవారు. మొదటి రోజు నన్ను తోడుతో నింపి, పైన చదునుగా గీసి, తూచారు. సరిగ్గా ఐదు గ్రాములు. ఆవిడ ఆ అంకె నోటుపుస్తకంలో రాసుకుంటుంటే నా మిడిసిపాటు చెప్పనలవి కాదు.

వారం తిరక్కుండానే గ్రహపాటు వచ్చింది. ప్రయోగశాల అటెండరు ఓబులమ్మ నాలుగు గంటల టీ కోసం అల్లం ముక్క మీద నన్ను బోర్లించి, పైనుంచి కిలో తూకపురాయితో ఒక్కటి వేసింది. నా వీపు లోపలికి పోయింది. ఆమె నన్ను శుభ్రంగా కడిగి, ఎక్కడిదక్కడ పెట్టేసింది. ఆ సొట్ట ఒక గ్రామును మింగేసిందని నాకొక్కదానికే తెలుసు. నాకు నోరుంటే కదా! శాస్త్రవేత్తలు లోకంలో దేన్నయినా అనుమానిస్తారు గాని, ఒకసారి తూచిన చెంచాను మాత్రం అనుమానించరు.

రెండేళ్ల ప్రయోగాలు నాతోనే సాగాయి. అంబలి సాయంత్రం దాకా నిలిచింది. వ్యాసం అచ్చయింది, "తోడు ఐదు గ్రాములు" అని. తర్వాతి ఇరవై ఏళ్లలో మూడు వందల పన్నెండు వ్యాసాలు దాన్ని ఉదహరించాయి. హైమావతి గారి పేరు ఎత్తకుండా పులిసిన పిండి గురించి ఎవరూ రాయలేని స్థితి వచ్చింది. వాళ్లలో నిజంగా అంబలి కాచి చూసినవాళ్లు నలుగురైదుగురు ఉంటారేమో. వాళ్లకు మూడింటికే పుల్లబడింది. అయినా అంత పెద్దావిడను ఎలా తప్పు పడతారు? ఒకరు ఎండను తిట్టారు, ఒకరు రాగులను తిట్టారు, ఒకాయనైతే తన విద్యార్థినే తిట్టాడు.

ఆవిడ పదవీ విరమణ, అదే రోజు ఘనంగా సన్మానం. దానికి ఇంకా పది రోజులుందనగా రాయచూరు నుంచి మహాదేవి అనే పరిశోధక విద్యార్థిని ఫోను చేసింది.

"మేడమ్, తప్పు నాదే అయ్యుంటుంది. పదకొండుసార్లు కాచినాను. పదకొండుసార్లూ పుల్లబడింది. నా థీసిస్ ఇక్కడే ఆగిపోయింది" అంది ఏడుపు గొంతుతో.

హైమావతి గారు ఫోను పెట్టేశారు. తర్వాత నన్ను తెచ్చి, తోడుతో నింపి, తూచారు. నాలుగు గ్రాములు. మళ్లీ తూచారు. నాలుగే. వేలితో నా వీపు తడిమి సొట్ట పట్టుకున్నారు. ఆవిడ ముఖం చూసి నా మనసు చివుక్కుమంది.

ఓబులమ్మ తొంగి చూసి నాలుక కరుచుకుంది. "నేనే మేడమ్. అల్లం దంచేకి ఏమీ దొరక్క అప్పుడెప్పుడో దీన్ని కొట్టినా. ఇప్పుడెవురికి తెలుస్తాది? పారేస్తే పాయె. సన్మానం ముందర పేరు పోగొట్టుకుంటారా?"

"ఆ పిల్ల తప్పు తనదనుకుంటోంది ఓబులమ్మా. నువ్వు ఒక్కసారి కొట్టావు. నేను ఇరవై రెండేళ్లు తూచలేదు" అన్నారావిడ.

సన్మాన సభలో శాలువా కప్పించుకున్నాక ఆవిడ నన్ను హ్యాండ్‌బ్యాగులోంచి తీసి పైకెత్తారు. "ఐదని రాశాను. నాలుగని చదువుకోండి. మీ ఎండలూ, మీ రాగులూ, మీ విద్యార్థులూ ఏ పాపమూ ఎరగరు." వెనక వరసలో ఒక పెద్దాయన లేచి, తన పాత విద్యార్థికి ఫోను కలుపుకుంటూ బయటికి నడిచాడు. తర్వాత సవరణ అచ్చయింది. అందులో ఓబులమ్మకూ, ఆమె అల్లం టీకీ కృతజ్ఞతలు ఉన్నాయి.

ఆవిడ ప్రయోగశాల నుంచి ఇంటికి తెచ్చుకున్నవి రెండే, ఆ శాలువా, నేను. మే నెలలో ఒక సాయంత్రం, చూసిపోదామని ఓబులమ్మ వచ్చిన రోజే, మహాదేవి కూడా బస్సు దిగి వచ్చింది. చేతిలో స్టీలు క్యాను. పొద్దున కాచిన అంబలి.

హైమావతి గారు నన్నే తీసి, ఒక చెంచా నోట్లో పోసుకుని కళ్లు మూసుకున్నారు. పుల్లబడలేదు.

"మూడు వందల పన్నెండు వ్యాసాల్లో నా మాట రాసుకున్నారు తల్లీ. కాచి తెచ్చినదానివి నువ్వొక్కదానివే" అన్నారు. ఆ మాటకు మహాదేవి ఏడ్చేసింది. ఆవిడ కళ్లూ తడిశాయి. చెంచాగా పుట్టినందుకు నేను ఇంత సంతోషపడ్డ రోజు ఇంకొకటి లేదు.

అంతలో వంటింట్లోంచి ఓబులమ్మ కేకేసింది. "మేడమ్, అల్లం టీ పెట్టేదా?"

ఆవిడ నన్ను గబుక్కున కొంగు చాటున దాచేశారు.