పోర్తాలెస్ బజారులో పోసోలే

క్యాన్సర్ మందుల వల్ల ఒఫేలియా నాలుకకు రుచి తెలియకుండా పోయింది. ఆ సంగతి చెల్లెలు హసింటాకు చెప్పలేదు.

హసింటా సెలవు పెట్టి, చిన్నప్పుడు ఇద్దరూ తిరిగిన చోట్లన్నిటికీ అక్కను తీసుకెళ్లింది. చురోలనే తీపి జంతికలు వేయించే దుకాణంలోనూ, పుల్కే కల్లు పోసే పాకలోనూ ఒఫేలియా "అబ్బ, ఏం రుచే!" అంటూనే ఉంది. పోర్తాలెస్ బజారులో పోసోలే పులుసు తాగుతూ అదే మాట అంది. హసింటా తన గిన్నె ముట్టకుండా అక్కనే మురిపెంగా చూస్తోంది.

ఇంతలో వంటామె పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ఏమీ అనుకోకండి, ఇవాళ ఉప్పెయ్యడం మర్చిపోయా!"

హసింటా ముఖం పాలిపోయింది. "ఎప్పట్నించే అక్కా?"

"ఈస్టర్ నించి. నువ్వంత సంబరపడుతుంటే ఎలా చెప్పనే?"

చూడాల్సిన చోట్లు ఇంకా ఉన్నా, ఇద్దరూ మెట్రో ఎక్కి ఇంటికి వెళ్లిపోయారు.