ఎంగిలి గరిట

“ఊదు,” అంటాడు మా ఆయన అర్జునరావు, నేను గుమ్మంలో చెప్పులు విడవకముందే.

శనివారం శనివారం ఇదే తంతు. సంచీ కింద పెట్టకుండా, రుషికొండ నుంచి రెండు బస్సుల్లో నిలబడి వచ్చిన కాళ్ళ మీదే నిలబడి, ఆయన ముఖం మీదకి ఊపిరి వదలాలి. ట్రాఫిక్ పోలీసు లారీ డ్రైవర్ని ఊదమన్నట్టు. ఆయన కళ్ళు మూసుకుని వాసన పీలుస్తాడు. అప్పటికే టీవీ మీదున్న క్వార్టర్ సీసా సగానికి దిగి ఉంటుంది కాబట్టి ఆ ముక్కుకి సొంత బ్రాందీ తప్ప మరో వాసన తెలిసే అవకాశమే లేదు. అయినా కాసేపు ఆలోచించి తీర్పు చెబుతాడు. “సోంపు నమిలావేటి? ఏటి దాత్తన్నావ్?”

దాస్తున్న మాట నిజమే. హోటల్లో గ్లాసులు సర్దుతానని చెప్పాను. ఆ గ్లాసుల్లోది నోట్లో పోసుకుని, తిప్పి, స్టీలు డబ్బాలో ఉమ్మేస్తానని చెప్పలేదు. ఉమ్మేశాను కాబట్టి తాగలేదు, తాగలేదు కాబట్టి ఇది అబద్ధం కాదు అని, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి గాజువాక దాకా నాకు నేనే నచ్చజెప్పుకుంటూ వస్తాను.

అసలు ఈ ముక్కు నాకు మా అత్తగారి వల్ల వచ్చింది. పెళ్ళయి ఎలమంచిలి దగ్గర వాళ్ళ ఊళ్ళో అడుగుపెట్టిన మూడో రోజు, వంకాయ కూర ఉడికిందో లేదో చూద్దామని గరిట నుంచి ఒక చుక్క అరచేతిలో వేసుకున్నాను. మా అత్తగారు దేముడమ్మ నా చెయ్యి పట్టుకుని, “ఏటే కామేశ్వరీ, మీ అమ్మ నేర్పనేదా? వొండిన మడిసి రుసి సూడకూడదు. మొగోళ్ళు తినకముందు నాకితే అది ఎంగిలి గరిటయిపోద్ది,” అంది. ఆ కూరంతా గేదెకి పెట్టించింది. ఆ రోజు నుంచి పదహారేళ్ళు నేను వండినది వేడిగా ఎలా ఉంటుందో నాకు తెలియదు. అందరూ తిన్నాక, చల్లారాక, గిన్నె అడుగున మిగిలినది మాత్రమే తెలుసు. ఉప్పు తప్పిన రోజున మా ఆయన మాట్లాడడు, కంచంలోనే చెయ్యి కడిగేసుకుంటాడు. అరిచినా బాగుండేది. ఆ నీళ్ళ కంచం ఎత్తి తీసుకెళ్ళి పారబోసేటప్పుడు కలిగే అవమానం అంతా ఇంతా కాదు. అందుకని భయంతో నేర్చుకున్నాను. ఉప్పుకి వాసన ఉండదంటారు. ఉప్పుకి ఉండకపోవచ్చు, కానీ ఉప్పు పడ్డాక పులుసు ఆవిరి మారుతుంది. అంతకుముందు ముక్కు కొసన ఆగినది లోపలికి దిగుతుంది. నెమ్మది నెమ్మదిగా ఉప్పు, కారం, పులుపు, అడుగంటబోయే ముందు వచ్చే ఆ చిరుచేదు, అన్నీ ఆవిరిలోనే తెలిసిపోయేవి. మా అత్తగారు వచ్చినవాళ్ళందరితో, “మా కోడలు రుసి సూడకుండానే వొండుద్ది,” అని గొప్పగా చెప్పుకునేది. నేను కూడా కొన్నాళ్ళు అది గొప్పే అనుకున్నాను. సిగ్గేస్తుంది ఇప్పుడు తలుచుకుంటే.

మా ఆయనకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం కాబట్టి గాజువాక వచ్చాం, అత్తగారూ మాతోనే. ఫ్లాటు కొన్నాక నన్ను ఉద్యోగానికి పంపడానికి ఆయనకి అభ్యంతరం లేకపోయింది. రుషికొండ హోటల్లో పార్టీ హాలు చూసుకునే పని. నాప్‌కిన్లు మడతపెట్టడం, గ్లాసులు మరకల్లేకుండా తుడిపించడం. ఇంట్లో చేసేదే, కాకపోతే అక్కడ నన్ను “మేడమ్” అంటారు.

రెండు వేల ఏడులో నాసిక్ నుంచి ఒక వైన్ కంపెనీ వచ్చింది. విశాఖపట్నం జనానికి వైన్ రుచి చూపించి అలవాటు చేస్తారట. సూటు వేసుకున్న అబ్బాయి చేతిలో పుస్తకం పెట్టుకుని ఇంగ్లీషులో ఏవేవో పళ్ళ పేర్లు చదివాడు. బ్లాక్ కరెంట్ పండు అట. సెడార్ చెక్క అట. హాల్లో ముప్పై మంది కూర్చుని పరీక్ష హాల్లో పిల్లల్లా ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. చిట్టెమ్మ గారని ఒక పెద్దావిడ, కొడుకుతో వచ్చినావిడ, పక్కన నిలబడ్డ నా చీర కొంగు లాగి అడిగింది. “ఏటమ్మా, ఇందులో ఏటి వాసన రావాలంట? నాకేటీ తెల్డం నేదు. తప్పు సెప్తే నవ్వుతారేటో.”

గ్లాసు తీసుకుని వాసన చూశాను. అంతే, నోట పెట్టలేదు. “నేరేడు పళ్ళండి. చెట్టు కింద రాలి, ఎండ తగిలి, ఈగలు మూగే ముందు ఉంటాయి చూడండి, ఆ వాసన. తాగాక నాలుక మందంగా అవుతుంది, అదీ నేరేడు పండులాగే.”

ఆవిడ వాసన చూసింది. ఒక గుక్క పుచ్చుకుంది. నాలుక బయటపెట్టి కొడుక్కి చూపించి, “నీలంగా ఉందేట్రా?” అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వి గ్లాసులెత్తారు.

మా మేనేజరు భీమశంకరరావు గారు తర్వాత పిలిచి, “ఎప్పటినుంచి తాగుతున్నావమ్మా?” అన్నారు. “తాగలేదండీ, వాసన చూశాను,” అన్నాను. ఆయన నన్ను నమ్మడానికి తెల్లది, ఎర్రది, మరో ఎర్రది తెప్పించి నా ముందు పెట్టారు. వాసన చూసి, మొదటిసారి నోట్లో పోసుకుని, తిప్పి, ఉమ్మేశాను. తెల్లది పచ్చి ఉసిరికాయ కొరికి మంచినీళ్ళు తాగినట్టు. ఒక ఎర్రది ముగ్గిన జీడిమామిడి పండు, గొంతులో కాస్త గరగర. ఇంకోటి తాండ్ర ఎండబెట్టిన చాప.

అలా శనివారాలు నావయ్యాయి. సాయంత్రం నాలుగింటికి మొదలు. బల్ల మీద తాండ్ర ముక్కలు, వేపిన జీడిపప్పు, నేరేడు పళ్ళు, ఏలకులు పెట్టించేదాన్ని. ముందు అవి వాసన చూడమనేదాన్ని, తర్వాత గ్లాసు. మధురవాడ సాఫ్ట్‌వేర్ కంపెనీల కుర్రాళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, భర్త మోచెయ్యి పట్టుకుని వచ్చే ఆడవాళ్ళు. గ్లాసు ఎలా పట్టుకోవాలో తెలియదని చేతులు ఒళ్ళో దాచుకునేవారు. “ఇక్కడ తప్పు అన్న మాట లేదు,” అని మొదలుపెట్టేదాన్ని. “మీ నాలుక మీది. దానికేమనిపిస్తే అదే చెప్పండి. నచ్చకపోతే ఇదిగో డబ్బా, ఉమ్మేయండి. ఎవరూ ఏమీ అనుకోరు.” ఒకతను చిన్నప్పటి స్కూలు సంచీ వాసన అన్నాడు. ఒకావిడ సిగ్గుపడుతూ తన పెళ్ళి పెట్టె అంది. అందరూ అవునన్నారు. ఆ రెండు గంటలూ నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. ఆ తర్వాత బస్సులో కిటికీ పట్టుకుని నిలబడితే, ఆ మాటలు నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదే అనిపించేది. మనింట్లో ఉమ్మేయడానికి డబ్బా ఎక్కడుంది?

ఆ జూలైలో భీమశంకరరావు గారు ఒక కాగితం ఇచ్చారు. శనివారాల పనికి నన్నే ఇన్‌ఛార్జిగా, పర్మనెంటుగా. పది రోజుల గడువు, ఆ సోమవారానికి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ కాగితం బీరువాలో చీరల మడతలో ఉండగానే, మా ఆయన షిఫ్ట్ ఇన్‌ఛార్జి తిరుమలరావు గారు, ఆయన భార్య దేవి ఒక శనివారం హోటల్‌కి వచ్చారు. రెండు మూడు రోజులకి ప్లాంటులో ఆయన అందరి ముందూ మా ఆయన భుజం తట్టి, “మీ ఆవిడ నాలుక బంగారమయ్యా,” అన్నారట.

ఇంటికొచ్చి ఆయన అరవలేదు. కుర్చీలో కూర్చుని షూ లేసు విప్పుకుంటూ, “నా పెళ్ళాం నాలుక గురించి పదిమంది మాటాడుకుంటన్నారు,” అన్నాడు. “సోమవారం ఎల్లి మానేత్తన్నానని సెప్పీ. ఆదివారం ఆల్లిద్దర్నీ బోయినానికి పిలిసాను. నువ్వేటో, ఎలాటి ఇంటిదానివో సూసుకుంటారు.”

“నేను తాగలేదు. ఉమ్మేస్తాను,” అన్నాను. ఇన్నాళ్ళూ ఆయన దగ్గర దాచిన మాట, నాకు నేను దాచుకున్న ధైర్యం, రెండూ ఆ ఒక్క మాటలో అయిపోయాయి.

“ఉమ్మినా మింగినా నోట్లో ఎట్టుకున్నావా నేదా?” అన్నాడు. అత్తగారు తలుపు పక్కన నిలబడి, “గరిట నోట్లో ఎట్టుకున్ననాడే సెప్పాను,” అంది.

ఆదివారం వచ్చేసరికి నాకు జలుబు పట్టుకుంది. వారం రోజుల వానలో తడిసి తడిసి ముక్కు రెండువైపులా బిగుసుకుపోయింది. పొయ్యి మీద వంజరం చేపల పులుసు. ముందు గదిలో తిరుమలరావు గారు, దేవి గారు, కంచాల ముందు మా ఆయన. “మా ఇంటిది రుసి సూడకుండానే వొండుద్దండి. రేపటి నుంచి ఇంటి పట్టునే ఉంటాది,” అని చెబుతున్నాడు.

గిన్నె మీదకి వంగాను. ఏమీ రాలేదు. ఆవిరి ముఖానికి వేడిగా తగిలింది, అంతే. కళ్ళు మూసుకున్నాను, మూత పెట్టి తీశాను, కొంగుతో ముక్కు చీదుకుని మళ్ళీ వంగాను. పదహారేళ్ళలో మొదటిసారి నేను వండినదాని గురించి నాకేమీ తెలియదు. అంచనాగా ఉప్పు వేయొచ్చు. తప్పితే ఆయన కంచంలో చెయ్యి కడుక్కుంటాడు, ఈసారి వాళ్ళ ముందు. రేపటి నుంచి నాకు మిగిలేది ఈ గిన్నె ఒక్కటే. నా ముక్కు కూడా వాళ్ళకే పనిచేసింది ఇన్నేళ్ళూ.

గిన్నె ఎత్తి తెచ్చి ముందు గదిలో కంచాల మధ్య పెట్టాను. గరిట ముంచి, పులుసు అరచేతిలో వేసుకుని, అందరూ చూస్తుండగా నోట్లో పోసుకున్నాను.

వాసన తెలియని నాలుక మీద కూడా పులుపు తెలిసింది. కారం తెలిసింది. వేడి తెలిసింది, నా చేతి వంట వేడి.

“ఉమ్మీయ్,” అన్నాడు మా ఆయన, పళ్ళ బిగువున.

మింగేశాను.

“ఉప్పు తక్కువైంది,” అన్నాను.

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు నన్నూ, గరిటనూ, కొడుకునూ చూసింది. తిడుతుందనుకున్నాను. “ఎంత తక్కువే?” అంది, బాగా మెల్లిగా.

దేవి గారు తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నారు. “వచ్చే శనివారం రండమ్మా,” అన్నాను ఆవిడతో. “నేనే ఉంటాను.”

వాళ్ళు వెళ్ళిపోయాక ఈ గదిలో ఏమవుతుందో నాకు తెలుసు. అత్తగారు వంటింట్లోంచి తెచ్చిన ఉప్పు డబ్బా అందుకుని, చిటికెడు వేసి, కలిపి, మళ్ళీ అరచేతిలో వేసుకుని చూశాను. సరిపోయింది.