కప్పు మీద తాండ్ర

ఎలుగుబంటి మోటార్‌హోమ్ కప్పు మీద కూర్చుంది. లోపల వసుమతి టేబుల్ కింద దూరింది. ఆమె భర్త శ్యామ్‌సుందర్ అంతకుముందే అక్కడికి చేరాడు.

"జరగండి. మీ మోచెయ్యి నా కంట్లో ఉంది."

"మెల్లిగా మాట్లాడవే! దానికి వినబడుద్ది."

"వినబడితే ఏం? దానికి తెలుగొచ్చా?"

పైన రేకు సొట్టపడింది. క్యాంప్‌గ్రౌండ్ మేనేజర్ వాల్టర్ బయట ట్రక్ హారన్ ఆపకుండా మోగించాడు. పావుగంటకి జంతువు విసుగెత్తి దిగి, అడవిలోకి పోయింది.

అసలు భయం అప్పుడు మొదలైంది. వాల్టర్ రూలు ఒక్కటే: తిండి బయటపెట్టిన పనివాడు ఉద్యోగం వదిలి, గంటలో బండితో సహా క్యాంపు ఖాళీ చెయ్యాలి. జెర్సీ సిటీలో అపార్ట్‌మెంట్ వదిలేసి వచ్చిన ఆ దంపతులకి ఇల్లంటే ఈ బండే. 1984 వేసవంతా ఈ వయోమింగ్ అడవిలో చోటూ, కరెంటూ, నీళ్లూ ఉద్యోగంతో వచ్చినవే. పైగా టెంట్ల వెంట తిరిగి "తిండి లోపల దాచుకోండి" అని హెచ్చరించడమే శ్యామ్‌సుందర్ ఉద్యోగం.

వాళ్లు బయటికొచ్చేసరికి వాల్టర్ నిచ్చెనెక్కి, నారింజరంగు ముద్ద అంటిన అల్యూమినియం ట్రేతో దిగాడు. "ఎవరిదిది?"

"పక్కబండి డగ్‌ది," అన్నాడు శ్యామ్‌సుందర్ తడుముకోకుండా. "వాళ్ల పిల్లలు మా కప్పెక్కి ఆడుతూ జామ్ ఎక్కడపడితే అక్కడ పెడతారు."

అక్కడే ఉన్న తోటి పనివాడు డగ్ నోరు తెరిచేలోపే వాల్టర్ వాచీ చూసుకున్నాడు. "గంట టైముంది నీకు." నెలలు నిండిన డగ్ భార్య తాడు మీది బట్టలు తీయసాగింది.

వసుమతి ట్రే అంచుని గోటితో గీకింది. ఒకటి ఎండాక దానిమీద ఇంకోటి పూసిన పొరలు, మొత్తం ఎనిమిది. నోట్లో వేసుకుంది. మామిడి తాండ్ర! షికాగోలో కొన్న గుజ్జు డబ్బాలు ఏమయ్యాయో తెలిసిపోయింది. ఎనిమిది రోజులుగా ఈయన మిట్టమధ్యాహ్నం యాంటెనా సరిచేస్తానని కప్పెక్కుతున్నాడు. టీవీలో బొమ్మ మాత్రం ఇంతవరకూ రాలేదు.

"తాండ్ర బాగానే కుదిరిందండీ," అంది తెలుగులో.

"ఊరుకోవే! ఉన్న ఇల్లు పోద్ది!"

"మన ఇంటికి చక్రాలున్నాయి. ఆవిడ ఈ వారం కనబోతోంది."

"వాళ్ల ఇంటికీ ఉన్నాయిగా చక్రాలు!"

ఆ మాటతో వసుమతికి ఒళ్లు మండిపోయింది. వాల్టర్ వైపు తిరిగి, క్యాంపంతా వినేలా ఇంగ్లీషులో అరిచింది:

"డగ్ కాదు! అది పెట్టింది నా మొగుడు, శ్యామ్‌సుందర్!"