కాలు చూసి చోటు చెప్పేవాడు

జుమ్రి నాలుగో గోనెసంచి మూతి విప్పి, లోపలికి చెయ్యి పెట్టి, తగిలిన తాబేలును డిప్ప అంచు పట్టుకుని బయటికి తీశాడు. వెనక కాలు ఒకటి మెల్లగా లాగి, వేళ్ల మధ్య బొటనవేలితో తడిమి, "బురద" అంటూ ఎడమ తొట్టిలో దించాడు. తరువాతిది "పెద్ద ఏరు." ఆ తరువాతిది మళ్లీ "బురద."

బంజర్మసిన్ రేవులో పట్టుబడి, పొద్దున్నే రక్షణ కేంద్రానికి చేరిన సరుకు అది. వెంట వచ్చిన కాగితంలో "నీటి తాబేళ్లు, నలభై ఒకటి" అని ఉంది.

జుమ్రి అక్కడ రోజుకూలీ. అరవై మూడేళ్ల పొట్టి మనిషి. ముంజేతుల నిండా పాత గీతలు. కుడి చూపుడువేలి కొసను ఎప్పుడో ఒక మెత్తడిప్ప తాబేలు కొరికేసింది. వచ్చిన జీవం ఎక్కడిదో చెప్పడం పదకొండేళ్లుగా అతని పని. అంతకుముందు ఇరవై ఆరేళ్లు వాటినే పట్టి అమ్మాడు. ఒకసారి సంచితో దొరికిపోయి నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక అధికారి ఒకాయన, "ఎక్కడ పట్టావో నీకే కదా తెలుసు, అక్కడే వదులు" అని ఈ పనిలో పెట్టాడు. ఊళ్లోవాళ్లు కొన్నాళ్లు నవ్వుకున్నారు.

పశువైద్యురాలు హెల్దా జావా నుంచి వచ్చి రెండు నెలలైంది. కాగితం పట్టుకుని తొట్ల దగ్గరికి వచ్చింది.

"మామయ్యా, అన్నిటినీ చెరువులో వదిలేద్దాం. నీటివేనని రాశారుగా. ఎండ ముదురుతోంది, వీటికి సాయంత్రం దాకా ఓపిక ఉండదు."

"రాసినాయన కాళ్లు చూడలేదు డాక్టరమ్మా."

అరచేతి పాటి గోధుమరంగు పిల్లను ఆమె చేతిలో పెట్టాడు. "వేళ్ల మధ్య తోలుందా?"

"లేదు."

"పాదం ఎలా ఉంది?"

"ఏనుగు పాదంలా ఉంది."

"గుట్టమీది పిల్ల ఇది. ఈత రాదు. చెరువులో వేస్తే చస్తుంది. చప్పుడు కూడా చెయ్యదు."

"మీకెలా తెలుసు?"

జుమ్రి సంచి అడుగున చేత్తో వెతికాడు.

"నేనే చంపాను. ఒక వానాకాలం పదిహేడింటిని. బేరం కుదిరేదాకా ఎండిపోకుండా ఉంటాయని నీళ్లతొట్టిలో పోశాను. పొద్దున చూస్తే అన్నీ అడుగున ఉన్నాయి."

హెల్దా కాగితంలో "నీటి తాబేళ్లు" అన్న మాట కొట్టేసి, అతను చెబుతుంటే కింద రాసుకుంది: బురద ఇరవై మూడు, పెద్ద ఏరు తొమ్మిది, వాగు నాలుగు, గుట్ట ఐదు.

మధ్యాహ్నానికి తొట్లతో బండి కదిలింది. హెల్దా కూడా ఎక్కింది. మొదట చిత్తడి. జుమ్రి పుట్టింది ఆ పక్కనే, నీళ్లలో గుంజలమీద నిలబెట్టిన ఇంట్లో. తండ్రి గేదెలు దుంగల మంచెమీద పడుకునేవి. ఆ చెమ్మ పడక భార్య మస్నా ఎప్పుడూ దగ్గుతుంటే, ఆమెను తీసుకుని మెట్టమీద రోడ్డుపక్కకు వచ్చేశాడు. ఆమె పోయి ఎనిమిదేళ్లు.

"దిగిపో మామా ఇక్కడే" అన్నాడు డ్రైవర్ రుస్పాన్. "నీ కాలు చూస్తే నువ్వూ బురద సరుకే కదా."

"మస్నాని మెట్టమీదే మట్టిలో పెట్టాను కదరా. ఇప్పుడు నేను మెట్టవాణ్నే" అని జుమ్రి మోకాలిలోతు నీళ్లలోకి తొట్టి దించాడు.

ఏటి దగ్గర తొమ్మిది, వాగు దగ్గర నాలుగు వదిలేసరికి సాయంత్రం నాలుగైంది. గుట్ట ఎక్కుతూ దారిలో ఒక కొమ్మ నరికి ఊతకర్ర చేసుకున్నాడు. అతను కర్ర పట్టడం రుస్పాన్ ఎప్పుడూ చూడలేదు.

పైన నాలుగు తాబేళ్లు ఆకుల్లోకి నడిచిపోయాయి. పిల్ల మాత్రం తల బయటపెట్టలేదు.

"మీరు కిందికెళ్లి కూర్చోండి. ఇంతమంది చుట్టూ ఉంటే ఇది కదలదు" అన్నాడు జుమ్రి. చెట్టుకు వీపు ఆనించి, కాళ్లు చాపి, కత్తితో కర్ర బెరడు చెక్కసాగాడు.

అరగంటకు హెల్దా పైకి వచ్చింది. పిల్ల తాబేలు లేదు. జుమ్రి గడ్డం రొమ్ముకు ఆని ఉంది. కత్తి ఒళ్లో పడి ఉంది. మూడుసార్లు పిలిచింది. తరువాత పక్కన కూర్చుని అతని మణికట్టు పట్టుకుంది. తెలిసిపోయాక కూడా చాలాసేపు వదల్లేదు.

రుస్పాన్ అతన్ని వీపున మోసుకుని దించాడు. మర్నాడు మధ్యాహ్నం ప్రార్థన కాగానే మస్నా పక్కన పెట్టారు. హెల్దా కేంద్రానికి తిరిగొచ్చి పుస్తకంలో రాసింది: "గుట్ట, ఐదు. అన్నీ వెళ్లాయి."

కర్ర సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అది ఆ చెట్టు మొదట్లోనే ఉండిపోయింది, పై సగం తెల్లగా, కింది సగం ఇంకా బెరడుతో.