పటంలో లేని జెట్టీ

ఆదివారం చర్చి నుంచి వచ్చాక గోల్ ఘర్ పేటలోని వెరోనికా ఇంట్లో ఆట మొదలయ్యేది. అందులో గెలుపోటములు ఉండవు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలో పాత్ర తీసుకుని తామేం చేస్తారో చెబుతారు. అది ఫలిస్తుందో లేదో తేలనప్పుడు డైస్ వేస్తారు. కథ నడిపేది వెరోనికానే. తుష్నాబాద్ బడిలో టీచరు కావడం వల్లనేమో, ప్రతి ఆటకూ నోటుబుక్కు నిండా ముందే రాసుకునేది.

ఆ వారం సముద్రం బాగాలేక ఫెర్రీ రద్దయింది. వాళ్లతో ఆడే సాయి హావ్‌లాక్ దీవిలో చిక్కుకుపోయాడు. ఆటలో పడవ నడిపేది అతనే.

"పెదనాన్నని కూర్చోబెడదాం దీదీ," అన్నాడు లాయిడ్. అతను వెరోనికా పిన్ని కొడుకు.

వెరోనికా తండ్రి జీవానందం వరండాలో ఉన్నాడు. ముప్పై ఏళ్లు దీవుల మధ్య ఓడల్లో సరంగుగా పనిచేసినవాడు. నిరుడు భార్య జ్ఞానవతి గుండె ఆగి చనిపోయినప్పుడు ఆయన ఓడ తుపానుకు కార్ నికోబార్‌లో నిలిచిపోయింది. మూడో రోజు ఇల్లు చేరేసరికి ఆమెను సమాధి చేసేశారు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ ఎత్తలేదు. ఆ తర్వాత అసలు మాటలే తగ్గిపోయాయి.

"నాకేటి తెలుసు ఈ ఆట," అంటూనే వచ్చి కూర్చున్నాడు.

వెరోనికా తాను గీసిన పటం ముందుకు జరిపింది. "మంచు కమ్మీసింది నాన్నా. కుడిపక్కన రాక్షసుడి గుహ. చుక్కాని నీ చేతిలో ఉంది. ఏటి చేస్తావు?"

"గాలి ఎటునుంచి?"

గాలి సంగతి నోటుబుక్కులో లేదు. "నైరుతి," అందామె తడుముకుని.

"అయితే గుహ వేపు పోకూడదు. ఎడమకి తిప్పుతాను. అక్కడ జెట్టీ ఉంది."

"అరే పెదనాన్నా, అటు ఖాళీ సముందర్," అన్నాడు లాయిడ్.

"ఉంది."

వెరోనికా తండ్రి ముఖంలోకి చూసింది. నోటుబుక్కు మూసేసింది. "ఉంది. నాకూ కనిపిస్తంది. జెట్టీ మీద ఎవరున్నారు నాన్నా?"

"ఒకావిడ నిలబడింది."

పక్కింటి పద్మిని నోటి దగ్గరి పకోడీ దించేసింది. లాయిడ్ అలవాటుగా డైస్ అందుకోబోయాడు. వెరోనికా అతని చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఆవిడతో ఏటంటావు?"

ఆయన పటంలో ఆ ఖాళీ చోట వేలు పెట్టాడు. "ఆలస్యమైపోనాది అంటాను. తుపానని సెప్పను. ఆలస్యమైపోనాది, అంతే."

ఇప్పుడు ఆ జెట్టీ మీది మనిషిగా వెరోనికా బదులివ్వాలి. 'క్షమించాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అమ్మ ఏనాడూ అలా మాట్లాడలేదు. ఏం చెప్పాలో తెలియకుండానే నోరు తెరిచింది.

"ఆలస్యమేటి? ఓడ కూత ఇప్పుడే కదా ఇన్నాను. ఇప్పుడే ఎసరు పెట్టాను. తాడు కట్టీసి రా."

జీవానందం తలెత్తాడు. అన్నం చల్లారిపోతుందని, హార్బరు నుంచి కూత వినబడితే గాని జ్ఞానవతి ఎసరు పెట్టేది కాదు. ముప్పై ఏళ్లూ అంతే.

"కట్టీసాను," అన్నాడు. రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. వెరోనికా బల్ల మీదుగా వంగి ఆయన మణికట్టు పట్టుకుంది.

కొంతసేపటికి లాయిడ్ మెల్లగా అడిగాడు. "మేం కూడా దిగొచ్చా పెదనాన్నా?"

"దిగండ్రా. అందరికీ సరిపోతాది."

ఆ రోజు పడవ గుహ దాకా వెళ్లనేలేదు. సాయంత్రం వరండాలో కూర్చుని ఆయన కార్ నికోబార్‌లో గడిపిన ఆ రోజుల గురించి కూతురికి చెప్పాడు. కెప్టెన్‌ని ఎన్నిసార్లు బతిమాలాడో, గాలి తగ్గిందేమోనని రాత్రుళ్లు ఎన్నిసార్లు డెక్ మీదికి వెళ్లి చూశాడో చెప్పాడు. ఆమె అడ్డు తగలకుండా వింది.

మరుసటి ఆదివారం చర్చి అయ్యాక, సమాధి దగ్గరికి తీసుకెళ్లమని ఆయనే అడిగాడు. ఏడాదిగా అటు అడుగు పెట్టని మనిషి. వెరోనికా గేటు దగ్గరే ఆగిపోయింది. ఆయన లోపల సమాధి పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడాడు.