ఏడు గంటల కంచం

"పుల్లగా ఏటైనా తినాలనిపిస్తందేటే అమ్మడూ?" అని అత్తగారు వాసవీకుమారి అడిగేసరికి సాయిపద్మ వంటింట్లో కొబ్బరి తురుముతోంది. పొద్దున్న లేచింది మొదలు పుల్లటి త్రేన్పులు గొంతుదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. అత్తగారు అది చూసింది. నిన్న మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఏరుతూ కోడలు చేట పక్కనే ఒరిగి నిద్రపోవడమూ చూసింది. రెంటినీ కలుపుకున్నాక ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నాకు తెల్దేటి! కూకో, నువ్వు కూకో. ఆ కోరాం ఇలాగియ్యి" అని చేతిలోది లాక్కుంది.

పెళ్ళయి నాలుగో నెల. సాయిపద్మ పుట్టింది ఖల్లికోటలో, జువాలజీ చదివింది బరంపురంలో, కోడలైందీ బరంపురంలోనే. ఈ ఇంట్లో ఆమెకు అన్నీ నచ్చాయి. డాబా మీద పరిచిన పాత చీరల మీద వరసగా ఎండే అప్పడాలు నచ్చాయి. వాటిని తిరగేయడానికి మెట్లెక్కినప్పుడల్లా ముఖానికి తగిలే గాలి నచ్చింది. మొగుడు హేమచంద్ర మరీ నచ్చాడు. బడా బజారులో వాళ్ళకి ఊరగాయలు, అప్పడాల టోకు దుకాణం ఉంది. సబ్బు పెట్టి తోముకున్నా అతని వేళ్ళకి ఇంగువ వాసన పోదు. ఆ వాసన వస్తే చాలు, ఎందుకో ఆమెకి నవ్వొచ్చేస్తుంది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త కోడలు ఏడాదిపాటు రాత్రి భోజనం మొగుడు తిని లేచాక, అతని కంచంలోనే తినాలి. దుకాణం మూసి హేమచంద్ర వచ్చేసరికి పది దాటుతుంది. అతను తిని లేచాక ఆమె తిని, ఆ కంచం కడిగి, గట్టు తుడిచి, వెంటనే వెళ్ళి పక్క మీద వాలుతుంది. మొదట్లో ఆమెకి అది కష్టమనిపించలేదు, ఆటలా ఉండేది. కంచంలో ఓ మూల, అన్నం కింద అతను ఏదో ఒకటి దాచేవాడు. ఒకరోజు కరకరలాడే వడియం, ఒకరోజు బాగా వేగిన బంగాళాదుంప ముక్క. "ఎతుక్కో" అని కళ్ళెగరేసి వెళ్ళిపోయేవాడు. అది దొరికినప్పుడు పెళ్ళికొడుకే మళ్ళీ దొరికినట్టుండేది.

కడుపని ఖాయం చేసుకున్నాక అత్తగారు ఊరుకోలేదు. దుకాణంలో కొత్తగా దిగిన మాగాయ, ఉసిరికాయ, చింతకాయ తొక్కు, వారానికి రెండుసార్లు పులిహోర. ఎదురింటి ఒడియా మావుసీ గుమ్మంలోంచే "ఖుసి ఖబరా?" అని శుభవార్త ఆరా తీసి, నిమ్మకాయలు ఇచ్చి వెళ్ళింది. సాయిపద్మ కాదనలేదు. ఏమో, నిజమే అయితే? ఆ ఊహకే బుగ్గలు వేడెక్కేవి. ఆ సంబరంలోనే మాగాయ నంజుకుని తినేది. తిని పడుకున్న కాసేపటికి గుండెలో నిప్పులు పోసినట్టయ్యేది. నిద్రలో ఎవరో గొంతు నొక్కినట్టు ఉలిక్కిపడి లేస్తే నోటినిండా పులుపు ఉండేది.

"నువ్వు గురక పెడతావు, తెల్సా?" అన్నాడొకరోజు హేమచంద్ర, నవ్వుతూనే. "మా నాన్న నీ ముందు ఎందుకూ పనికిరాడు. మద్దెలో టక్కున ఆగిపోద్ది. మళ్ళీ ఎప్పుడు మొదలెడతావా అని నేను కాసుకుని ఉంటాను."

"నన్ను లేపచ్చు కదండీ?"

"లేపితే ఏటంటావో అని. ఎవరికీ సెప్పకు పద్మా. ఆడది గురక పెడతందంటే నవ్వుతారు."

మందుల దుకాణంలో కొన్న పరీక్ష పట్టీ మీద రెండో గీత రాలేదు. మరో వారం ఆగి చూసినా రాలేదు. నెలసరి మాత్రం వచ్చింది. వాసవీకుమారి "అయితే ఈ పులుపంతా ఎందుకు తిన్నావే?" అంది.

"మీరు పెట్టారు కదా అత్తయ్యా."

"పెడితే తినేయడమేనా!"

ఆ రోజు నుంచి సాయిపద్మ కునుకు పేరు మారిపోయింది. కడుపనుకున్నన్నాళ్ళూ ఆమె ఒరిగితే తలకింద దిండు పెట్టిన చెయ్యే ఇప్పుడు పక్కన గిన్నెలు దబదబా పెట్టి లేపింది. "కాలేజీలో కూడా ఇలాగే తొంగునేదేటో" అని మామగారికి వినబడేలా అంది. సాయిపద్మకి తిట్టినందుకు కోపం రాలేదు. నిద్ర అదే, త్రేన్పు అదే, మంట అదే. లోపల బిడ్డ ఉందనుకుంటే అది ముద్దొచ్చింది. ఉన్నది తనొక్కతే అని తెలియగానే ఒళ్ళు బద్ధకం అయిపోయింది. అంటే ఇన్నాళ్ళూ చాకిరీ తగ్గించింది తన కోసం కాదన్నమాట. అంత్యాక్షరిలో అక్షరం దొరకనిదానిలా ఆ మాట దగ్గరే ఆగిపోయి, పప్పు మాడబెట్టింది.

ఒక మధ్యాహ్నం ఆటో ఎక్కి ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఒడియా ఆవిడే, పెద్దావిడ. నోరు తెరిపించి చూసి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చాలా ప్రశ్నలు వేసింది. ఒక రాత్రి ఇంట్లోనే వేలికి, ముక్కుకి తీగలు తగిలించుకుని పడుకోమంది. ఆ తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. దవడ చిన్నది కాబట్టి నిద్రలో నాలుక వెనక్కి పడి గొంతు మూసుకుపోతోంది, ఊపిరి ఆగుతోంది. ఊపిరి కోసం రొమ్ము గుంజుకున్నప్పుడల్లా కడుపులో ఆమ్లం పైకి తన్నుతోంది. ఆ ఆమ్లం గొంతును వాపెక్కించి దారిని ఇంకా ఇరుకు చేస్తోంది. రెండూ చేతులు కలిపాయి, రెంటినీ కలిపే చూడాలి. రాత్రి ముక్కుకి గాలి మాస్కు పెట్టుకోవాలి, మంచం తలవైపు ఎత్తు చెయ్యాలి, ఏడింటికల్లా భోజనం అయిపోవాలి, తిన్నాక మూడు గంటలదాకా నడుం వాల్చకూడదు.

తిరిగొస్తూ ఆటోలో సాయిపద్మ ఫకాలున నవ్వింది. పెళ్ళిచూపుల్లో అందరూ మెచ్చుకున్నది ఈ గడ్డాన్నే. "సిన్న గడ్డం, బొమ్మలాగుంది" అన్నారు.

అద్దెకి తెచ్చిన ఆ మాస్కు మిషనుకి ఇంట్లో పెద్దగా అడ్డు చెప్పలేదు. హేమచంద్ర దాన్ని తన ముక్కుకి పెట్టుకుని విమానం నడిపినట్టు చేతులు చాచి గదంతా తిరిగాడు. "సుట్టాలొచ్చినప్పుడు మాత్రం దాన్ని దుప్పటి కింద పెట్టు" అంది వాసవీకుమారి. ఆ మాస్కుతో పడుకుని లేచిన మొదటి పొద్దున, రోజూ లేవగానే ఉండే తలనొప్పి లేదు. కిటికీ ఊచ మీద పిచ్చుక తోక ఎగరేస్తుంటే సాయిపద్మ మంచం మీదే కూర్చుని చూసింది. లోకాన్ని ఎవరో కడిగి ఆరేసినట్టుంది. కానీ రెండు రోజులకే మళ్ళీ పులుపు తన్నుకొచ్చి, మాస్కు పీకి పారేసి దగ్గుకుంది. పది దాటాక తిన్న అన్నం ఎక్కడికి పోతుంది?

"ఏడింటికి తినమన్నారండీ" అంది మొగుడితో.

"తినాలి, నిజమే. కానీ ఏడాది అవ్వనీ పద్మా. ఇంకెంత, ఏడు నెలలే కదా. అమ్మ ఏటనుకుంటాదో."

అమ్మ అనుకోవడమే కాదు, అనేసింది కూడా. "మగాళ్ళు అక్కడ నిలబడి యాపారం సేస్తంటే ఇక్కడ ఆడది ముందే మెక్కేస్తాదా? నాకు లేదేటి మంట? ముప్పయ్యేళ్ళబట్టి సోడా తాగి తొంగుంటన్నాను. సచ్చిపోనానా?"

సాయిపద్మ ఆవిడ వైపు చూసింది. గోడ అవతల రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, సగం కూర్చునే నిద్రపోయే మనిషి. ఆవిడ దగ్గు రాత్రుళ్ళు ఈ గదిలోకి వినిపిస్తుంది. ఓర్చుకోవడం ఈవిడకి ఎవరు నేర్పారో, ఇప్పుడు తనకి నేర్పుతోంది. ఊపిరికి వాయిదా అడుగుతున్నారు వీళ్ళు. అప్పటికీ ఆమె ఊరుకుంది. ఊరుకుంటే ఇల్లు బాగుంటుంది, మొగుడు నవ్వుతాడు, అన్నం కింద వడియం దొరుకుతుంది.

ఆ శనివారం మాగాయ పోపుకి పెద్ద మూకుడులో నూనె కాగుతోంది. గరిటె పట్టుకుని నిలబడిందల్లా నిలబడే నిద్రపోయింది. మోచెయ్యి మూకుడు అంచుకి తగిలి చురుక్కుమంటే కళ్ళు తెరిచింది. నూనె ఒక అల లేచి, పొయ్యి మీద చింది, భగ్గుమని ఆరింది. కొంచెం ముందుకి ఒరిగి ఉంటే తన ముఖం అందులో ఉండేది.

"ధ్యాస ఎక్కడుందే?" అంది వెనకనుంచి అత్తగారు.

సాయిపద్మ పొయ్యి కట్టేసి, చెయ్యి నీళ్ళకింద పెట్టుకుని చాలాసేపు నిలబడింది.

ఆ సాయంత్రం ఏడింటికి అలమరలోంచి ఒక కంచం తీసింది. అన్నం, ఆనపకాయ కూర, పల్చటి పప్పు వడ్డించుకుంది. వంటింట్లో గోడవైపు తిరిగి కాదు, హాల్లో పీట వేసుకుని కూర్చుంది.

"ఆ కంచం ఎవరికే?"

"నాకే అత్తయ్యా. మీకూ పెట్టనా?"

వాసవీకుమారి ఫోను తీసింది. సగం అన్నం తినేలోపు హేమచంద్ర స్కూటరేసుకుని వచ్చేశాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏటి పద్మా, నన్నిడిసీసి తినేస్తన్నావా?"

"ఆకలేసిందండీ. కూర బాగా కుదిరింది, కూచోండి."

"దుకాణం ఎవలు సూస్తారు?"

"ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?"

అతనికి నవ్వొచ్చింది కానీ తల్లిని చూసి ఆపుకున్నాడు. "మరి నీకోసం నేను కంచంలో దాసేది?"

"దాచకండి, మొత్తం తినెయ్యండి. మీరు తింటుంటే పక్కన కూచుని కబుర్లు చెప్తాను. ఆ వడియం మాత్రం నా చేత్తో మీకు పెడతాను." అలా అంటున్నప్పుడు ఆమెకి నిజంగానే సరదా వేసింది. ఇదీ బాగానే ఉంటుంది అనుకుంది.

"బాగుంది సంబడం!" అంది వాసవీకుమారి. "నువ్వు ముందే తినేసి కూకుంటే, మరి ఆడి కంచం ఎవలు కడుగుతారే?"

సాయిపద్మ ఆఖరి ముద్ద తింది. లేచి కుళాయి దగ్గర తన కంచం కడిగి, తుడిచి, అలమరలో పెట్టి వచ్చింది.

"ఇన్నాళ్ళూ అందులో నేనూ తిన్నాను అత్తయ్యా, అందుకని నేను కడిగాను. ఇకమీదట తినేది ఆయనొక్కరే కదా."